చంద్రుడా, అంగారకుడా, అంతరిక్ష కేంద్రమా: మనుషులను పంపే ప్రభుత్వం ముందు ఏది ఎంచుకోవాలి?

గగన్‌యాన్‌లో మనవాళ్లు కక్ష్యలోకి వెళ్లొచ్చాక తర్వాతి అడుగు ఎటు వేయాలి? 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడు అని 2023 అక్టోబరులోనే ప్రభుత్వం లక్ష్యాలు చెప్పింది. అయినా చర్చ ఆగలేదు. అంతరిక్ష కేంద్రం ఎందుకు, నేరుగా చంద్రుడికే వెళ్లొచ్చు కదా అని కొందరు అంటున్నారు. చంద్రుడి మీదికి ఎప్పుడో వెళ్లొచ్చారు, గురి అంగారకుడి మీదే ఉండాలని ఇంకొందరు. అసలు మనిషిని పంపడం అవసరమా అన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు. పంపాలని ఒప్పుకుని, ముందు ఎటో తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ దారులన్నిటి మీదా అమెరికా ఇప్పటికే అడుగు వేసి చూసింది. 1972 డిసెంబరులో అపోలో 17 తిరిగొచ్చాక అక్కడి లక్ష్యం ఎన్నిసార్లు మారిందో చూడండి: 1984లో అంతరిక్ష కేంద్రం, 1989లో చంద్రుడు, ఆపైన అంగారకుడు, 2004లో మళ్లీ చంద్రుడు, 2010లో గ్రహశకలం, 2017లో ఇంకోసారి చంద్రుడు. కొత్త రాకెట్, కొత్త నౌక తయారవడానికి పదేళ్లు దాటుతుంది. అధ్యక్షుడు నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో మారతాడు. నాసా ఇంజనీర్లకు తెలివి తక్కువై ఇదంతా జరగలేదు. ఆ రెండు కాలాల మధ్య తేడాను ప్లానింగ్‌లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకే గమ్యాల అందచందాల కంటే ముందు కొలతలు మాట్లాడుకుందాం.

## ఏ కొలతలతో చూడాలి

డబ్బు ఏటేటా వస్తుందా? మొత్తం ఎంతవుతుందన్నది అందరూ అడుగుతారు. ఐదో ఏడాదిలో, ఏడో ఏడాదిలో ఎంత కావాలి, అప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే ప్రాజెక్టు ప్రాణం. 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4.4 శాతం దాకా నాసాకే వెళ్లింది. ఇప్పుడు అది అర శాతం కూడా ఉండదు. అపోలోను ఉదాహరణగా చూపించేవాళ్లు ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ప్రభుత్వం మారితే నిలుస్తుందా? ఒక నాయకుడి పేరుతో ముడిపడిన లక్ష్యం ఆయనతోనే దిగిపోతుంది. ఒప్పందాలతో, ఇతర దేశాలతో ముడిపడినది ఎక్కువ కాలం ఉంటుంది.

మధ్యలో ఆపేస్తే చేతిలో ఏం మిగులుతుంది? నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చేది దీనికే. ఇరవై ఏళ్ల పథకం ఏదో ఒక చోట ఆగుతుందని, లేదా మలుపు తిరుగుతుందని ముందే అనుకోవాలి. ఆ రోజు మిగిలేది పనికొచ్చే వాహనమా, బొమ్మలున్న నివేదికా?

తేదీ ఒత్తిడి ఎవరి మీద పడుతుంది? నాసా వ్యోమనౌక (షటిల్) కొలంబియా ప్రమాదం గురించి మనకు కల్పనా చావ్లా పేరుతో తెలుసు. 2003 ఫిబ్రవరి 1న ఏడుగురు చనిపోయాక దర్యాప్తు బోర్డు రెక్కను దెబ్బతీసిన నురుగు ముక్క దగ్గరే ఆగలేదు. అంతరిక్ష కేంద్రానికి నోడ్ 2 అనే భాగాన్ని 2004 ఫిబ్రవరి 19న ప్రయోగించాలని నాసా తేదీ పెట్టుకుంది. ఆ తేదీకి ఇంకెంత సమయం ఉందో లెక్కపెట్టే స్క్రీన్‌సేవర్‌ను షటిల్ మేనేజర్లకు పంపారు. ఆ ఒత్తిడి నిర్ణయాల మీద పనిచేసిందని బోర్డు రాసింది. తేదీ లేకపోతే పని సాగదు, నిజమే. కానీ వాయిదా వేయాల్సి వస్తే ఎవరికీ తల తీసేసినట్టు ఉండని తేదీ కావాలి.

## దారి 1: తేదీ పెట్టుకుని చంద్రుడికి

దీనికున్న ఆకర్షణంతా అపోలో నుంచి వచ్చింది. 1961 మే 25న కెనెడీ దశాబ్దం ముగిసేలోగా అన్నాడు, 1969 జులై 20న మనిషి దిగాడు. ఒకే గమ్యం, ఒకే గడువు, ఎదురుగా సోవియట్ యూనియన్, అడిగినంత డబ్బు. ఈ నాలుగూ ఒకేసారి కుదిరాయి. మూల్యం కూడా ఉంది. 1967 జనవరి 27న అపోలో 1 నేల మీద పరీక్షలో ఉండగానే మంటలు రేగి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు.

కానీ నా మూడో కొలత పెట్టి చూడండి. చంద్రుడి మీద దిగడానికి ముందే, 1968లోనే, శాటర్న్ 5 రాకెట్ల కొత్త తయారీ ఆపేశారు. 1970లో చివరి మూడు యాత్రలు రద్దయ్యాయి. మిగిలిన సామగ్రితో 1973లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం వెళ్లింది, 1975లో సోవియట్ నౌక సోయజ్‌తో అనుసంధానం జరిగింది, అంతే. ఎగరని శాటర్న్‌లు ప్రదర్శనకు చేరాయి. గమ్యం చేరాక ఏం చేయాలన్నది పథకంలోనే లేదు.

అదే పందెంలో ఓడిన సోవియట్‌ల సంగతి ఇక్కడ ఆసక్తికరం. వాళ్ల చంద్ర రాకెట్ ఎన్1 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు ఎగిరి నాలుగుసార్లూ విఫలమైంది. చంద్రుడి కోసం మొదలుపెట్టిన సోయజ్ నౌక మాత్రం కక్ష్యా కేంద్రాలకు మనుషులను తీసుకెళ్లే బండిగా మారి, యాభై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఓడినవాళ్ల దగ్గర మిగిలినది గెలిచినవాళ్ల దగ్గర మిగల్లేదు.

చంద్రుడి దారిలో రెండో ప్రయత్నం కాన్‌స్టెలేషన్. ప్లానింగ్ ఎలా చెడుతుందో అర్థం కావాలంటే ఇది చదవాలి. 2004 జనవరిలో చిన్న బుష్ 2020 నాటికి చంద్రుడి మీదికి తిరిగి వెళ్దామన్నాడు. షటిల్‌ను 2010కి ఆపి ఆ డబ్బుతో ఏరీస్ 1 రాకెట్, ఒరాయన్ నౌక కట్టాలి. అంతరిక్ష కేంద్రాన్ని 2015 ప్రాంతంలో ముగించి, ఆ డబ్బుతో పెద్ద రాకెట్ ఏరీస్ 5, ల్యాండర్ కట్టాలి. కాగితం మీద బాగుంది. అనుకున్న నిధులు రాలేదు, పనులు వెనకబడ్డాయి. 2009లో ప్రభుత్వం వేసిన నార్మన్ అగస్టీన్ కమిటీ లెక్క వేస్తే తేలింది ఇది: ఏరీస్ 1 మొదటి పనే కేంద్రానికి మనుషులను చేర్చడం, కానీ అది సిద్ధమయ్యేది కేంద్రం మూతపడ్డాక. ఏటా ఇంకో 300 కోట్ల డాలర్లు ఇస్తే తప్ప ఏ దూరపు యాత్రా సాగదని కమిటీ తేల్చింది. ఆ నివేదిక వెలువడిన వారంలోనే, అక్టోబరు 28న, ఏరీస్ 1-ఎక్స్ ప్రయోగాత్మకంగా చక్కగా ఎగిరింది. మూడు నెలలకు పథకాన్ని రద్దు చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. సుమారు 900 కోట్ల డాలర్లు అప్పటికే ఖర్చయ్యాయి. ఒరాయన్ ఒక్కటి బతికింది, ఎందుకంటే అది ఏ గమ్యానికైనా పనికొస్తుంది.

మూడో ప్రయత్నం ఆర్టెమిస్. 2028 అనుకున్న దిగడాన్ని 2019 మార్చిలో ఒక్క ప్రసంగంతో 2024కి జరిపారు. ముహూర్తం ముందుకు లాగి, ఖర్చుకు డబ్బు ఇవ్వని పెళ్లిలా తయారైంది. 2021 ఏడాదికి ల్యాండర్ కోసం నాసా 330 కోట్ల డాలర్లకు పైగా అడిగితే అమెరికా కాంగ్రెస్ ఇచ్చింది 85 కోట్లు. ల్యాండర్ కాంట్రాక్టు 2021 ఏప్రిల్‌లో గానీ స్పేస్‌ఎక్స్‌కు దక్కలేదు. 2025 ఏప్రిల్ లోపు స్పేస్‌సూట్లు సిద్ధం కావని 2021లోనే నాసా సొంత తనిఖీ విభాగమే చెప్పింది. సూట్లే లేనప్పుడు 2024 తేదీ ఎలా నిలుస్తుంది? 2024 డిసెంబరు నాటికి ఆ గడువు 2027 మధ్యకు జరిగింది.

## దారి 2: నేరుగా అంగారకుడు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. అంగారకుడికి ప్రయాణం ఆరు నుంచి తొమ్మిది నెలలు, బయల్దేరే అవకాశం 26 నెలలకోసారి, వెళ్లి రావడానికి రెండున్నర మూడేళ్లు. మధ్యలో ఏదైనా చెడితే వెనక్కి తిరగడం కుదరదు. ఇప్పటిదాకా అక్కడ దించిన అత్యంత బరువైన యంత్రం పర్సెవరెన్స్ రోవర్, సుమారు ఒక టన్ను. మనుషుల ల్యాండర్‌కు దానికి ఎన్నో రెట్లు కావాలి.

1989 జులై 20న, అపోలో 11 ఇరవయ్యో వార్షికోత్సవం రోజున, పెద్ద బుష్ చంద్రుడు, ఆపైన అంగారకుడు అని ప్రకటించాడు. నాసా 90 రోజుల్లో అధ్యయనం చేసి ఇచ్చింది. దాని ఖర్చు రెండు మూడు దశాబ్దాలకు సుమారు 50 వేల కోట్ల డాలర్లని అంచనా వచ్చింది. అప్పటి నాసా ఏడాది బడ్జెట్ సుమారు 1,200 కోట్లు. కాంగ్రెస్ దాన్ని పక్కన పెట్టేసింది. ఆపేస్తే ఏం మిగిలింది అంటే, ఆ నివేదికే.

అంగారకుడిని దూరపు గమ్యంగా ఉంచుకోవడంలో తప్పు లేదు. ఈ రోజు బడ్జెట్ వేసుకునే లక్ష్యంగా మాత్రం ఏ ప్రభుత్వానికీ నేను సలహా ఇవ్వను.

## దారి 3: గమ్యం తర్వాత, సామర్థ్యం ముందు

అగస్టీన్ కమిటీ ముందుంచిన వాటిలో ఒకటి ఇది: చంద్రుడి చుట్టూ, గ్రహశకలాల దగ్గరికి, అంగారకుడి ఉపగ్రహాలకు మెల్లగా వెళ్తూ శక్తి పెంచుకోవడం. బరువైన ల్యాండర్ ఖర్చు వాయిదా పడుతుంది. ఆలోచన మంచిదే. 2010 ఏప్రిల్ 15న ఒబామా కెనెడీ అంతరిక్ష కేంద్రంలో మాట్లాడుతూ 2025 నాటికి గ్రహశకలానికి, 2030ల మధ్యలో అంగారక కక్ష్యకు అన్నాడు.

ఆచరణలో గమ్యం ఒకరు, రాకెట్ ఇంకొకరు నిర్ణయించారు. అధ్యక్షుడు గ్రహశకలం అంటే, కాంగ్రెస్ అదే ఏడాది అక్టోబరులో చట్టం చేసి ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్ కట్టమంది. ఎన్ని టన్నులు మోయాలో, షటిల్ కాంట్రాక్టులను వీలైనంత వాడుకోవాలనీ చట్టంలోనే రాసింది. 2016 చివరికి సిద్ధం కావాల్సిన రాకెట్ 2022 నవంబరు 16న మొదటిసారి ఎగిరింది. ఒరాయన్‌తో కలిపి మొదటి నాలుగు ప్రయోగాల్లో ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లని తనిఖీ విభాగం లెక్కకట్టింది. గ్రహశకలం లక్ష్యమేమో కుంచించుకుపోయింది. మనుషులు అక్కడికి వెళ్లడానికి బదులు, రోబో దాని మీది బండరాయిని చంద్రుడి దగ్గరికి తెస్తే వెళ్లి చూడటంగా మారి, 2017లో రద్దయింది.

ఈ దారిలో పెద్ద లోపం జనానికి చెప్పుకోవడానికి ఏమీ లేకపోవడం. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే ఒక్క మాటలో జవాబు లేని పథకానికి ఏటా ఓట్లు అడగడం కష్టం.

## దారి 4: భూకక్ష్యలో కేంద్రం, మెట్టు మీద మెట్టు

కేంద్రాలు కూడా సాఫీగా సాగలేదు. 1984లో రీగన్ పదేళ్లలో కేంద్రం కట్టమన్నాడు. పదేపదే డిజైన్ మార్చారు, ఒక్క భాగమూ ఎగరలేదు. 1993 జూన్‌లో ప్రతినిధుల సభలో రద్దు ప్రతిపాదన 216-215తో, ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ తర్వాత రష్యాను కలుపుకున్నారు. పదిహేను దేశాల ఒప్పందమయ్యాక దాన్ని ఆపడం ఏ అధ్యక్షుడికీ సులువు కాలేదు. 1998 నవంబరులో మొదటి భాగం వెళ్లింది. 2000 నవంబరు 2 నుంచి అక్కడ మనిషి లేని రోజు లేదు.

చైనా దారి ఇంకా స్పష్టం. 1992 సెప్టెంబరు 21న ఆమోదించిన మూడు మెట్ల పథకం: ముందు మనిషి కక్ష్యలోకి, తర్వాత చిన్న ప్రయోగశాలలు, చివరికి శాశ్వత కేంద్రం. 2003 అక్టోబరులో యాంగ్ లివెయ్ వెళ్లాడు, 2011లో, 2016లో టియాంగాంగ్ అనే చిన్న ప్రయోగశాలలు, 2022 చివరికి మూడు భాగాల కేంద్రం పూర్తి. 2017లో లాంగ్‌మార్చ్ 5 రాకెట్ విఫలమై వాళ్లకూ ఆలస్యమైంది. కానీ లక్ష్యం మారలేదు. ఎన్నికలు లేని దేశం కాబట్టి సాధ్యమైందన్నది సగం నిజం. ప్రతి మెట్టూ విడిగా పనికొచ్చేలా కట్టుకోవడం ఎన్నికలున్న దేశానికీ కుదురుతుంది.

దీనికున్న నష్టం కూడా దాచకూడదు. కేంద్రం నడపడానికే నాసాకు ఏటా సుమారు 300 కోట్ల డాలర్లు పోతున్నాయి. దూరం వెళ్లడానికి డబ్బు మిగలకపోవడానికి అదీ ఒక కారణం. కట్టే ముందే, ఎప్పుడు దించేయాలో రాసుకోని కేంద్రం బడ్జెట్‌ను మింగేస్తుంది.

## పక్కపక్కన

| కొలత | తేదీతో చంద్రుడు | నేరుగా అంగారకుడు | గమ్యం తర్వాత | కేంద్రం, మెట్లు |
|---|---|---|---|---|
| ఏటా డబ్బు | కొన్నేళ్లు ఒక్కసారిగా చాలా | మోయలేనంత | మధ్యస్థం | మధ్యస్థం, కానీ ఆగదు |
| ప్రభుత్వం మారితే | బలహీనం | చాలా బలహీనం | బలహీనం | భాగస్వాములుంటే బలం |
| ఆపేస్తే మిగిలేది | నౌక మిగలొచ్చు | నివేదికలు | రాకెట్, నౌక | వాహనం, కేంద్రం, అనుభవం |
| తేదీ ఒత్తిడి | అన్నిటికంటే ఎక్కువ | ప్రయోగ సమయాల వల్ల ఎక్కువ | తక్కువ | మధ్యస్థం, కట్టేటప్పుడు ఎక్కువ |
| జనానికి చెప్పడం | సులువు | సులువు | కష్టం | కొంత కష్టం |

సొంత వాహనమా, కొనుక్కోవడమా అన్న ప్రశ్న ఏ దారిలోనైనా వస్తుంది. 2011 జులైలో షటిల్ ఆగాక 2020 మే దాకా అమెరికా నేల మీద నుంచి ఒక్కరూ కక్ష్యకు వెళ్లలేదు, సోయజ్‌లో సీట్లు కొనుక్కున్నారు. తర్వాత ప్రైవేటు నౌకల దారి ఫలించింది. హైదరాబాద్ మూలాలున్న రాజా చారి 2021 నవంబరులో కమాండర్‌గా వెళ్లింది కూడా స్పేస్‌ఎక్స్ నౌకలోనే. కొనుక్కోవడం చవక, కానీ అమ్మేవాళ్లు కనీసం ఇద్దరుండాలి.

## మన సంగతి

మన సమస్య అమెరికా సమస్య కాదు. ఇది చాలామంది పట్టించుకోని తేడా. 2003లో వాజపేయి ప్రకటించిన చంద్రయాన్‌ను 2008లో ఇంకో ప్రభుత్వం శ్రీహరికోట నుంచి పంపింది. గగన్‌యాన్‌కు పేరు లేని రోజుల్లోనే 2007లో క్యాప్సూల్‌ను కక్ష్య నుంచి దించి చూశారు, 2014 డిసెంబరులో వ్యోమగాములు కూర్చునే క్రూ మాడ్యూల్‌ను పరీక్షించారు, 2018 జులైలో శ్రీహరికోటలో ప్యాడ్ అబార్ట్ పరీక్ష (ప్రమాదం వస్తే మాడ్యూల్‌ను ప్రయోగ వేదిక నుంచి దూరంగా లాగేయడం) చేశారు. పార్టీలు మారినా మెట్లు ఆగలేదు. కాబట్టి రెండో కొలతలో మనకు మంచి మార్కులే.

మన బలహీనత తేదీలు. 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి 2022 అన్నారు. మధ్యలో కోవిడ్ వచ్చింది, పరీక్షలు పెరిగాయి, మనుషులతో ప్రయోగం లక్ష్యం 2027కి జరిగింది. ఈ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను. కొలంబియా చూశాక తప్పు పట్టకూడదు కూడా. తప్పు మొదటి తేదీలో ఉంది.

ఇప్పుడు ముందున్న లెక్క చూడండి. 2024 సెప్టెంబరులో కేబినెట్ గగన్‌యాన్‌ను అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్ (భాగం) దాకా పొడిగించి మొత్తాన్ని రూ.20,193 కోట్లకు పెంచింది, 2028 చివరికి ఎనిమిది ప్రయోగాలు అంది. అదే రోజు కొత్త రాకెట్ ఎన్‌జీఎల్‌వీకి రూ.8,240 కోట్లు ఇచ్చింది. అది భూమి దగ్గరి కక్ష్యకు 30 టన్నులు మోస్తుంది, అభివృద్ధికి 96 నెలలు, అంటే 2032. దాని కోసం శ్రీహరికోటలో మూడో లాంచ్‌ప్యాడ్‌కు 2025 జనవరిలో సుమారు రూ.3,985 కోట్లు మంజూరయ్యాయి. రాకెట్ 2032లో వస్తే 2035 కేంద్రానికి మిగిలేది మూడేళ్లు. రాకెట్ రెండేళ్లు జారితే కేంద్రం జారుతుంది, దాని వెనకే చంద్రుడు. కాన్‌స్టెలేషన్‌లో జరిగింది సరిగ్గా ఇలాంటి గొలుసే.

అయినా మనకు నాలుగో దారే సరైనదని నా అభిప్రాయం. చంద్రుడి తేదీని రాకెట్ ఎగిరాక ప్రకటించాలి, మొదటి మాడ్యూల్ ఒంటరిగానైనా పనికొచ్చేలా ఉండాలి. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లి తెచ్చుకున్న అనుభవం కూడా ఈ దారిలోనే ఎక్కువ అక్కరకొస్తుంది.

## మీరు ఎవరైతే ఏది

సివిల్స్ వ్యాసానికో డిబేట్‌కో సిద్ధమవుతుంటే, ఏదో ఒక గమ్యాన్ని పొగడొద్దు. 2009 అగస్టీన్ లెక్కనూ 1993 ఒక్క ఓటునూ ఆధారంగా తీసుకుని ఎందుకు పథకాలు కూలతాయో చెప్పండి. అదే బలమైన వాదన.

ఇంజనీరింగ్ విద్యార్థి అయితే గమ్యం మారినా మారని పనుల వైపు వెళ్లండి: గాలి, నీరు, ఉష్ణోగ్రత చూసుకునే లైఫ్ సపోర్ట్, కక్ష్యలో రెండు నౌకలను కలిపే డాకింగ్, తిరిగొచ్చేటప్పుడు వేడిని ఆపే కవచాలు, పారాచూట్లు. కాన్‌స్టెలేషన్ పోయినా ఒరాయన్ పని చేసినవాళ్ల పని పోలేదు. ఒకే గమ్యానికి, ఒకే తేదీకి కట్టుబడిన ల్యాండర్ పనిలో ఉత్సాహం ఎక్కువ, రద్దయ్యే ప్రమాదమూ ఎక్కువ.

పన్ను కట్టేవాళ్లుగా ఆలోచిస్తుంటే, ఏటా ఫిబ్రవరి బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించినదే కాక, గత ఏడాది సవరించిన అంచనా కూడా చూడండి. ఇచ్చిన డబ్బు ఖర్చు కాకపోతే పరీక్షలు వెనకబడ్డాయని అర్థం చేసుకోవచ్చు.

సైన్సే ముఖ్యం అనుకునేవాళ్లకు నా సలహా కాస్త నచ్చకపోవచ్చు. చంద్రుడి, అంగారకుడి సైన్స్ చాలావరకు రోబోలతోనే చవకగా వస్తుంది. చంద్రయాన్-3 అందుకు మన కళ్ల ముందున్న రుజువు. మనుషుల పథకాన్ని సైన్స్ పేరుతో సమర్థించబోతే మొదటి బడ్జెట్ కోతలోనే ఆ వాదన వీగిపోతుంది.

ఇక చంద్రుడే ముందు అని గట్టిగా నమ్మేవాళ్లతో నేను రెండు షరతుల మీద ఏకీభవిస్తాను. ఒకటి, ఎన్‌జీఎల్‌వీ అనుకున్న సమయానికి మోయాల్సిన బరువు మోసి చూపించాలి. రెండు, ల్యాండర్‌కూ స్పేస్‌సూట్లకూ రాకెట్‌తో పాటే నిధులు మంజూరవ్వాలి, తర్వాత చూద్దాం అనకూడదు. ఈ రెండూ జరిగితే కేంద్రాన్ని ఒకటి రెండు మాడ్యూళ్ల దగ్గర ఆపి ఆ డబ్బును చంద్రుడి వైపు మళ్లించడానికి నాకు అభ్యంతరం లేదు.